పడగరాయి కింద నాలుగో గుంత

నేత్రావతి గుట్ట మొదట్లో కారు ఆపేసరికి పదకొండూ పది అయింది. వెంటనే దిగలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు అలాగే కూర్చుంది. కుడి మోకాలు తెల్లవారుజాము నుంచి సలుపుతూనే ఉంది. పోలీసు ఉద్యోగం వదిలేసి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో ప్రైవేటుగా ఒప్పుకున్న ప్రతి కేసుకూ ఇదే ఆఖరిది అనుకుంటూ వచ్చింది. యాభై మూడేళ్ళ వయసులో ఇంకా అదే అనుకుంటోంది.

ఈ కేసు అప్పగించిన మనిషి రమామణి. పావగడ బజారులో ఉంటుంది. ఆమె భర్త జగన్నాథ్ రిటైరైన చరిత్ర లెక్చరర్. నిడుగల్లు దాటాక, సోలార్ పార్కు కంచెకు ఆనుకుని ఉన్న ఈ గుట్టలో ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయని మూడు నెలలుగా తవ్వుతున్నాడు. గురువారం ఉదయం ఏడు గంటలకు గుట్ట కింద శవమై కనిపించాడు. ముందురోజు చీకటిపడే వేళ పైకెక్కి జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు.

"సాయంత్రం ఐదూ నలభైకి నాకు మెసేజీ వచ్చింది, గుట్ట ఎక్కుతున్నా, లేటవుతుందని," అని చెప్పింది రమామణి నిన్న. "ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నాకు ఒక్క మెసేజీ పెట్టలేదమ్మా. ఏదున్నా ఫోను చేస్తాడు. అది ఆయన పెట్టింది కాదు."

అంత చిన్న మాట మీద ఈ ఎండలోకి వచ్చింది నేత్రావతి. అదొక్కటే కాదు. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన బట్టల మూటలో ఆయన ప్యాంటు చూసింది. రెండు మోకాళ్ళకూ తెల్లమట్టి అంటుకుని ఉంది. గుట్ట పైనంతా నల్లరాయి. తెల్లమట్టి అక్కడ ఎక్కడిది?

కారు దిగి గుట్ట సగం దాకా ఎక్కింది. అక్కడ పడగ విప్పిన పాములా ముందుకు వంగిన పెద్ద బండ ఉంది. ఊళ్ళో దాన్ని పడగరాయి అంటారు. దాని నీడలో నాలుగు చదరపు గుంతలు, చుట్టూ మేకులు, మేకులకు తెల్లదారం. తవ్వకానికి కాపలా ఉండే బోరయ్య ఆ పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. అరవై దగ్గర పడిన మనిషి. ఆరు రోజుల్లో సరిగ్గా నిద్రపోయినట్టు లేడు.

"శవాన్ని మొదట చూసింది నువ్వేనా బోరయ్యా?"

"నేనేనమ్మా. ఏడు గంటలకు పనికొస్తి. ఆ కింద, ఆ తంగేడు చెట్టు కాడ, ఎల్లకిలా పండుకోనుండాడు సారు. నిద్రపోతాండాడేమో అనుకుంటి."

"బుధవారం నువ్వు ఇక్కడ లేవా?"

"పదకొండు దాకా ఉంటి. పార్కు గేటు కాడికి రమ్మని ఫోను వచ్చింది. గొర్రెల పాసు కొత్తది రాయల్లంట. ప్యానెళ్ళ సందులో మేపుకునేదానికి ఇస్తారు కదమ్మా, ఆ పాసు. పోతే కూర్చోమన్నారు. కూర్చుంటి. నాలుగు గంటలకు, ఈ పొద్దు కాదు, రేపు రాపో అన్నారు."

"ఐదు గంటలు ఊరికే కూర్చోబెట్టినారా? నువ్వు మళ్ళీ గుట్టకు రాలేదా?"

"సారు పోయింటాడులే అనుకోని ఇంటికి పోతినమ్మా." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఒక్కసారి వచ్చి చూసుంటే..."

ఆమె ఓదార్చలేదు. ఓదార్పు మాటలకు కూడా ఓపిక కావాలి. బ్యాగులోంచి ఒక నోటుబుక్కు తీసింది. రమామణి ఇచ్చింది. జగన్నాథ్ చనిపోవడానికి ముందురోజు, మంగళవారం, రాసుకున్న చివరి వాక్యాలు అందులో ఉన్నాయి: 'నాలుగో గడి. నలభై అంగుళాల లోతు. తెల్లమట్టి పొర ఇక్కడ తెగి ఉంది. ఎందుకు తెగింది?'

మూడు గుంతలు శుభ్రంగా, కత్తితో కోసినట్టు నిటారుగా ఉన్నాయి. నాలుగోది మాత్రం పూడ్చేసి ఉంది.

"దీన్ని ఎవరు పూడ్చినారు?"

"తెల్దమ్మా. గురువారం వచ్చేటప్పటికే ఇట్లుండాది. పోలీసోళ్ళకు చెప్తి. వాళ్ళు పట్టిచ్చుకోలేదు."

"పార తెచ్చి తీయి."

బోరయ్య మట్టి ఎత్తిపోస్తుంటే ఆమె బండకు వీపు ఆనించి కూర్చుంది. పక్కన రేకు ట్రేలో, గోనెసంచి కింద, చీటీలు అంటించిన రాళ్ళు ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది. బాదం కాయ ఆకారం, అరచేతి కంటే కొంచెం పెద్దది. రెండువైపులా పెచ్చులు లేపి అంచు పదునుగా చేశారు. వేళ్ళు వాటంతటవే దాని మీద సర్దుకున్నాయి. బొటనవేలుకు చోటుంది.

"లచ్చ ఏండ్ల కిందటిదంట," అన్నాడు బోరయ్య పార ఆపి. "అది దొరికిన పొద్దు సారు అన్నం కూడా తినల్యా. దాన్ని చేత్తో పట్టుకోని, ఈడ ఒగడు కూర్చోని చెక్కినాడు బోరయ్యా, ఆ యప్పకు పేరు కూడా ఉండేది కాదేమో అని చెప్పి, కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు."

దీన్ని చెక్కినవాడు ఈ నీడలోనే కూర్చుని ఉంటాడు, అనుకుంది నేత్రావతి. బహుశా అలసిపోయే. రాయిని జాగ్రత్తగా మళ్ళీ ట్రేలో పెట్టింది.

పావుగంటలో గుంత ఖాళీ అయింది. మట్టి అంత వదులుగా ఉంది. ఆమె మోకాలు పట్టుకుని లోపలికి దిగింది. గోడలో పొరలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పైన ఎర్రమట్టి, కింద గులకరాళ్ళు, మూడడుగుల కింద గట్టిగా సున్నం పట్టిన తెల్లమట్టి. మిగిలిన మూడు గుంతల్లోనూ ఆ తెల్లచార అడ్డంగా ఎక్కడా తెగకుండా సాగింది. ఇక్కడ మాత్రం రెండున్నర అడుగుల వెడల్పున తెగిపోయింది. ఆ మేరకు పైనుంచి కిందిదాకా ఎర్రమట్టీ తెల్లమట్టీ కలగలిసి ఉన్నాయి.

ఆమెకు పురావస్తు శాస్త్రం తెలియదు. కానీ ఉద్యోగంలో ఉండగా మెజిస్ట్రేటు ఎదుట పదకొండు శవాలను తవ్వి తీయించింది. పాతిపెట్టిన చోట నేల ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఒకసారి తవ్విన మట్టి ఎన్నేళ్ళయినా మొదటిలా కుదురుకోదు.

ఇది ఆదిమానవుడి గుంత కాదు. ఎవరో ఈమధ్యనే, అంటే పది పదిహేనేళ్ళ లోపల, ఇక్కడ ఒక మనిషిని పాతిపెట్టారు. ఇది పనిముట్లు దొరికే చోటని తెలియక పాతారు. జగన్నాథ్ బుధవారం మోకాళ్ళ మీద కూర్చుని ఆ తెల్లమట్టిలో ఏదో చూస్తున్నాడు. వెనక నుంచి ఎవరో వచ్చారు, ఆయన్ని చంపి కిందికి తోశారు. ఆ తర్వాత గుంతలో ఉన్నదాన్ని తీసుకుపోయి మట్టి పూడ్చారు.

"బోరయ్యా, సారు మధ్యాహ్నం అన్నం ఎన్ని గంటలకు తింటాడు?"

"పన్నెండున్నరకమ్మా. చెక్కర కాయిలా కదా, నిమిషం దాటనీయడు."

"రమామణిగారు రోజూ క్యారియర్ కట్టి పంపేది. గురువారం అది ఇక్కడ ఉందా?"

బోరయ్య పార కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు. "లేదమ్మా. ఏమీ లేదు."

చెబుతూ చెబుతూ కిందికి, ఊరి చివర తన ఇంటివైపు ఒక్కసారి చూశాడు. నేత్రావతికి అది చాలు. ఇంకో మాట అడిగేలోపల కింద ఇంజను చప్పుడైంది.

జేసీబీ ఒకటి బండబాట మీద ఎక్కి వస్తోంది. ముందు తెల్ల జీపు. టైము పదకొండూ యాభై అయిదు. జీపులోంచి దిగిన మనిషిని ఆమె నడకను బట్టే పోల్చుకుంది. అమరనాథ్. ఇరవై ఏళ్ళ కిందట ఒకే స్టేషన్లో ఆమెకు పై అధికారి. ఆమె తెచ్చిన సాక్ష్యాలను రెండు కేసుల్లో పక్కన పెట్టించిన మనిషి. తర్వాత ఉద్యోగం మానేసి ఒక సోలార్ కంపెనీలో చేరాడు. మొదట భూముల పని చూశాడు, ఇప్పుడు సెక్యూరిటీకి పెద్ద.

"ఏం నేత్రావతీ, నీకింకా విశ్రాంతి దొరకలేదా?"

"మీకు దొరికిందా సార్?" అంది. 'సార్' అన్నందుకు తన మీద తనకే విసుగొచ్చింది.

"పైకి రా. గుంతలు పూడ్చాలి. గొర్రెలు పడతాండాయని ఊరోళ్ళు కంప్లైంట్ ఇచ్చినారు."

"ఆరు రోజుల కిందట మనిషి చచ్చిపోయిన చోటు ఇది."

"జారి పడి చచ్చిపోయినాడు. ఐదూ నలభైకి భార్యకు మెసేజ్ పెట్టి గుట్ట ఎక్కినాడు. ఫైలు మూసేసినారు."

"చక్కెర జబ్బు మనిషి చీకటిపడే వేళ గుట్ట ఎక్కుతాడా? గుట్ట పైనుంచి పడితే మోకాళ్ళకు గుంతలోని తెల్లమట్టి ఎట్లా అంటుతుంది?"

"పొద్దున తవ్వినప్పుడు అంటింటుంది."

"అంటే పొద్దున తవ్వినాడని ఒప్పుకుంటారు. మరి సాయంత్రానికి ఈ గుంత ఎవరు పూడ్చినారు? బోరయ్యను ఆ రోజు పదకొండు నుంచి నాలుగు దాకా మీ గేటు దగ్గర ఎవరు కూర్చోబెట్టినారు?"

అమరనాథ్ బోరయ్య వైపు చూశాడు. బోరయ్య తల వంచుకున్నాడు.

"రోజుకు రెండొందల మంది వస్తారు గేటుకు," అన్నాడు అమరనాథ్. జేసీబీ డ్రైవరుకు చెయ్యి ఊపాడు. తొట్టి పైకి లేచింది.

నేత్రావతి గుంతలోంచి బయటికి రాలేదు. ఫోను తీసి పైకెత్తి పట్టుకుంది. "నేల కంపెనీ అధీనంలో ఉండొచ్చు. తవ్వకానికి పురావస్తు శాఖ ఇచ్చిన అనుమతి ఈ నెలాఖరు వరకూ ఉంది. శాఖ మనిషి లేకుండా దోసెడు మట్టి వేసినా క్రిమినల్ కేసు. ఏం నాయనా, లైసెన్సు నీదే కదా? నీ పేరే రాస్తారు, సార్ పేరు రాయరు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగి దూరంగా పోయి నిలబడ్డాడు.

అమరనాథ్ గుంత అంచుకు వచ్చాడు. గోడలో తెగిన తెల్లచార మీద అతని చూపు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చాలా మెల్లగా అన్నాడు: "ఇద్దరం ముసలోళ్ళమైపోయినాం. ఈ ఎండలో తిరిగి నువ్వు సాధించేదేముంది? ఆ లెక్చరర్ లేచి వస్తాడా?"

"రాడు."

"మరి?"

"నాకు తెలిసిన పని ఇదొక్కటే సార్," అంది.

అమరనాథ్ నాలుగు గంటలకల్లా పైనుంచి ఆర్డరు తెస్తానని చెప్పి జీపెక్కాడు. అప్పుడు టైము పన్నెండూ పది.

జీపు కనుమరుగయ్యాక నేత్రావతి బోరయ్యతో "మీ ఇంటికి పోదాం పా," అంది. అతను ఇంటి దాకా వచ్చాడు. కానీ కాళ్ళు కడుక్కుని వస్తానని కుళాయి దగ్గర ఆగిపోయాడు.

అతని భార్య గుండమ్మ వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. నేత్రావతి పక్కనే అరుగు మీద కూలబడి చేటలోంచి నాలుగు కాయలు తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టింది.

"గుండమ్మక్కా, క్యారియర్ నీ దగ్గరే ఉండాది కదా?"

గుండమ్మ చేతులు ఆగాయి.

"కడిగి రమామణమ్మకు ఇచ్చేద్దామని మా ఇంటాయన తెచ్చినాడు. నేనే ఇయ్యనీలేదు."

"అన్నం తిన్నట్టుందా?"

"లేదు. సంగటి ముద్ద ముద్దట్లనే ఉండె. పప్పు పాసిపోయుండె."

అంటే పన్నెండున్నరకు ముందే జగన్నాథ్ చనిపోయాడు. ఐదూ నలభై మెసేజ్ అతనిది కాదు. కానీ ఆ మాటకు గుండమ్మ ఇంతగా భయపడనక్కరలేదు.

"ఇంకేముంది అందులో?"

గుండమ్మ లేచి లోపలికి పోయింది. బియ్యం డబ్బా వెనకనుంచి స్టీలు క్యారియర్ తెచ్చి, అన్నిటికంటే కింది గిన్నె విప్పింది. అందులో పాత కన్నడ పేపరు చుట్ట. చుట్టలో ఒక మనిషి కింది దవడ.

వెనక అడుగుల చప్పుడు వినిపించి ఉంటుంది. జగన్నాథ్‌కు దాన్ని దాచడానికి చేతికి దొరికిన చోటు అదే అయి ఉంటుంది.

నేత్రావతి దాన్ని వెలుతురులోకి తిప్పింది. ముందు రెండు పళ్ళు లేవు. మిగిలిన వాటి మీద గోధుమరంగు చారలు అడ్డంగా ఉన్నాయి. అవి ఏమిటో ఆమెకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు. రోజూ అద్దంలో చూసుకునే రంగే. ఈ తాలూకాలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి పెరిగిన పిల్లలందరి పళ్ళూ అలాగే మొలుస్తాయి. చిన్నప్పుడు బడి ఫోటోలో ఆమె నోరు మూసుకుని నిలబడింది కూడా అందుకే. లక్షేళ్ళ కిందటి మనిషి లోతు బోరు నీళ్ళు తాగలేదు.

"ఇది ఎవరిదో నీకు తెలుసు," అంది గుండమ్మతో.

"తెల్దు."

"గుండమ్మక్కా."

"మా అన్నకు ముందు పల్లు రెండు ఎద్దు తన్ని పోయినాయి," అంది గుండమ్మ. గొంతులో తడి లేదు. "పక్క పల్లు ఇట్లనే అడ్డం తిరిగుండె. హొన్నూరప్ప ఆయన పేరు. గుట్ట కిందుండే చేను ఆయందే. సోలారుకు ఇయ్యనని తిరిగినాడు. 2016 శివరాత్రి పొద్దు గొర్రెలు తోలుకోని పోయి మళ్ళ రాల్యా. బెంగుళూరికి పోయినాడని చెప్పిరి."

"ఎవరు చెప్పిరి?"

"జీపులో వస్తాడే, ఆ అమరనాథ్ సారు. కానీ ఇది మా అన్న కాదమ్మా. ఆయన ఉండాడు. నా కాడ గుర్తుండాది."

పెట్టె తెరిచి, చీర మడతలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో భూమి లీజు కాగితం జిరాక్సు. హొన్నూరప్ప పేరు, కింద నల్లటి వేలిముద్ర. తేదీ 2017 మార్చి 14. సాక్షి సంతకం చూసి నేత్రావతి కళ్ళు మూసుకుంది. 'జగన్నాథ్, లెక్చరర్.'

"చూడు, ఆయన పోయిన ఏడాదికి వేసిన వేలు ఇది," అంది గుండమ్మ ఆత్రంగా. "క్యారియర్ విప్పినప్పటి నుంచి దినామూ ఈ కాగితం తీసి చూసుకుంటాండా. నువ్వు పోలీసమ్మవు కదా, నువ్వే చెప్పు. సచ్చిపోయినోడు వేలు వేస్తాడా?"

నేత్రావతికి జవాబు చెప్పే పని పడలేదు.

"అది నా వేలు," అన్నాడు బోరయ్య గుమ్మంలోంచి.

గుండమ్మ తిరిగి చూసింది.

"హొన్నూరు ఫోన్లో ఒప్పుకున్నాడు, రాలేడంట, బామ్మర్దివి కదా నువ్వెయ్ అన్నాడు అమరనాథ్ సారు. నిజమే అనుకోని వేస్తి. కాగితం తెచ్చి నీకిచ్చినాక నువ్వు దాన్ని కండ్లకద్దుకుంటివి. అన్న బతికుండాడు అని ఊరంతా చెప్పుకుంటివి. ఇంక నేనెట్ల చెప్తునే?"

ఆమె అతన్ని కొట్టలేదు, ఏడవలేదు. కాగితం మడతపెట్టబోయి, మడత సరిగ్గా రాక, నేల మీద పెట్టేసింది.

"జగన్నాథ్ సారుకు చెప్పినావా?" నేత్రావతి అడిగింది.

"చెప్తినమ్మా. మంగళారం సాయంత్రం, ఈ పక్క ఎవురన్నా కానరాకుండా పోయినారా బోరయ్యా అని అడిగినాడు. హొన్నూరు పేరు చెప్తానే ఆ యప్ప మొగం పాలిపోయింది. ఆ కాగితం మీద నేనే కదా సాక్షి, మనిషిని చూడకుండానే, అంగట్లో కూర్చోని సంతకం పెట్టేస్తినే అన్నాడు. అప్పుడు నా వేలు సంగతి చెప్తి. రేపు పొద్దున అమరనాథ్‌నే పిలిచి అడుగుతా అన్నాడు."

అడిగాడు. అదే ఆయన చేసిన తప్పు. పోలీసులకు చెప్పకుండా, సిగ్గుతో, ముందు ఆ మనిషినే అడిగాడు.

నేత్రావతి ఫోను తీసి రికార్డింగు నొక్కింది. "బోరయ్యా, ఇప్పుడు చెప్పిందంతా నీ పేరు, నీ ఊరు చెప్పి మొదటినుంచీ మళ్ళీ చెప్పు. తొందరగా." అతను చెప్పాడు. నాలుగు నిమిషాలు పట్టింది. దాన్ని తనకు నమ్మకమైన ఒక డీవైఎస్పీకి పంపింది. దవడ, కాగితం ఫోటోలు కూడా పంపింది. అప్పుడు ఒంటిగంటా అయిదు.

ఫోను చేతిలో ఉండగానే మోగింది. రమామణి.

"ఏమమ్మా, మీరు పంపించినారంట కదా, అమరనాథ్‌గారు వచ్చి కూర్చున్నారు. మా ఆయన ఫోటోల కెమెరా, తక్కిన నోటుబుక్కులు అడుగుతాండారు. ఇచ్చేదా?"

నేత్రావతి అలసట ఒక్కసారిగా ఎగిరిపోయింది. "రమామణిగారూ, నా మాట విని మొగంలో ఏమీ చూపించవద్దు. నేను ఆయన్ని పంపలేదు. కాఫీ పెడతానని చెప్పి వెనక వాకిలి నుంచి పక్కనున్న మీ మరిది అంగడికి పోండి. చెప్పులు కూడా వేసుకోవద్దు."

అవతల ఎవరో కుర్చీ జరిపిన శబ్దం. తర్వాత వేరే గొంతు.

"వద్దులే నేత్రావతీ, ఆమె వయసులో పరుగులెందుకు," అన్నాడు అమరనాథ్. అతని గొంతు కూడా బాగా అలసిపోయి ఉంది. "తలుపు వేసినా. నువ్వొచ్చేదాకా ఇద్దరం ఈడే కూర్చోనుంటాం. బోరయ్యను పిల్చుకోని రా. ఇంకెవరూ వద్దు."

ఫోను ఆగిపోయింది. పావగడకు ముప్పావు గంట దారి.

నేత్రావతి డీవైఎస్పీకి ఫోను చేసి రమామణి ఇంటి వీధి, తలుపు గుర్తు రెండు ముక్కల్లో చెబుతూ కారు వైపు నడిచింది. కుంటుతూనే నడిచింది. బోరయ్య అప్పటికే ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు. దిగే ఉద్దేశం లేదు.

ఆమె ఇంజను స్టార్టు చేస్తుంటే వెనక తలుపు తెరుచుకుంది. గుండమ్మ. దవడను పెట్టెలోని కొత్త చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు వద్దక్కా," అంది నేత్రావతి. "అక్కడ ఏం జరుగుతుందో నాకే తెలియదు."

గుండమ్మ మొగుడి వీపు వైపు చూడలేదు. తలుపు గట్టిగా లాగి వేసింది.

"మా అన్న వేలు యాడుండాదో ఆ సారును అడగల్ల. పోనీమ్మా."